గొట్టం మీది పలుచని పొర
ఆల్కహాలు ఆవిరుల సాంద్రీకరణంలో ఉష్ణ బదిలీని కొలిచే విధానం

ఉడుకుతున్న అన్నం గిన్నె మీది మూతను ఎత్తి చూస్తే, దాని లోపలివైపున నీటి బొట్లు వరుసలు కట్టి కనిపిస్తాయి. వంటింటిలో నిత్యం జరిగే ఈ చిన్న విషయంలో ఒక పెద్ద పారిశ్రామిక ప్రక్రియ సారమంతా ఇమిడి ఉంది. ఆవిరి తనకంటె చల్లని లోహాన్ని తాకగానే ద్రవంగా మారుతుంది. మారుతూ, తనలో దాచుకున్న గుప్తోష్ణాన్ని ఆ లోహానికి అప్పగిస్తుంది. అందుకే మూత పట్టుకున్న వేళ్ళు చురుక్కుమంటాయి. ఈ ప్రక్రియనే శాస్త్ర పరిభాషలో సాంద్రీకరణం అంటారు.

థర్మల్ విద్యుత్ కేంద్రాలలో టర్బైన్ నుంచి వెలువడిన ఆవిరిని తిరిగి నీరుగా మార్చేదీ, డిస్టిలరీలలో ఆల్కహాలు ఆవిరిని ద్రవంగా మార్చేదీ ఈ ప్రక్రియే. రెండు చోట్లా పని చేసే పరికరం పేరు కండెన్సర్. లోపల చల్లని నీరు ప్రవహించే గొట్టాల కట్ట, వాటి చుట్టూ ఆవిరి. స్థూలంగా దాని నిర్మాణం ఇంతే. మన దేశంలో పెట్రోలులో కలిపే ఇథనాల్ వాటా 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరిన నేపథ్యంలో ఆల్కహాలు కండెన్సర్ల ప్రాముఖ్యం మునుపటికంటె ఎంతో పెరిగింది.

కండెన్సర్‌కు ఎన్ని గొట్టాలు కావాలి అన్న ప్రశ్నకు జవాబు ఒక సంఖ్య మీద ఆధారపడి ఉంటుంది. ఒక చదరపు మీటరు గొట్టం ఉపరితలం, ఆవిరికీ లోహానికీ మధ్య ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు, సెకనుకు ఎంత ఉష్ణాన్ని గ్రహిస్తుంది? దీనినే ఉష్ణ బదిలీ గుణకం అంటారు. ఈ సంఖ్యను తక్కువగా అంచనా వేస్తే అనవసరమైన రాగికీ, ఉక్కుకూ డబ్బు చెల్లించవలసి వస్తుంది. ఎక్కువగా అంచనా వేస్తే గొట్టాలు చాలక, ఆల్కహాలు ఆవిరి వెంట్ గుండా బయటికి పోతుంది. గాలిలో ఇథనాల్ ఆవిరి సుమారు 3 శాతం నుంచి 19 శాతం వరకు ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే మండుతుంది. ఇథనాల్ ఫ్లాష్ పాయింటు సుమారు 13 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. అంటే మన వాతావరణంలో అది ఏడాది పొడవునా దాదాపు ఎల్లప్పుడూ అంటుకునే స్థితిలోనే ఉంటుంది. కనుక ఈ గుణకం కేవలం పాఠ్యపుస్తకానికి సంబంధించిన సంఖ్య కాదు. ఉత్పత్తికీ, వ్యయానికీ, భద్రతకూ సంబంధించిన సంఖ్య.

నుస్సెల్ట్ చూపిన మార్గం

ఈ సమస్యకు మొదట గణితరూపం ఇచ్చినవాడు జర్మన్ ఇంజనీరు విల్హెల్మ్ నుస్సెల్ట్. 1916లో ఆయన ప్రకటించిన సిద్ధాంతం ఆశ్చర్యం కలిగించేంత సరళమైనది. ఆవిరి గొట్టాన్ని తాకి ద్రవంగా మారినప్పుడు ఆ ద్రవం గొట్టం చుట్టూ ఒక పలుచని పొరగా ఏర్పడి, గురుత్వాకర్షణ వలన కిందికి జారి, అడుగున బొట్లుగా రాలిపోతుంది. తరువాత వచ్చే ఆవిరికి లోహం నేరుగా అందదు. దాని ఉష్ణం ఈ పొర గుండానే లోపలికి పోవాలి. కాబట్టి అడ్డు అంతా ఈ పొరదే. పొర మందాన్ని లెక్క కట్టగలిగితే ఉష్ణ బదిలీని లెక్క కట్టినట్లే.

పొర మందం నాలుగు అంశాల మీద ఆధారపడుతుంది. ద్రవం స్నిగ్ధత ఎక్కువైతే అది మెల్లగా జారి పొర మందమవుతుంది. సాంద్రత ఎక్కువైతే త్వరగా జారి పలుచనవుతుంది. గుప్తోష్ణం ఎక్కువైతే అంతే ఉష్ణానికి తక్కువ ద్రవం ఏర్పడుతుంది. గొట్టం మరీ చల్లగా ఉంటే ఎక్కువ ద్రవం ఏర్పడి పొర దట్టమవుతుంది. ఈ చివరి అంశం కొంత వింతగా తోస్తుంది. ఆవిరికీ లోహానికీ మధ్య ఉష్ణోగ్రత తేడాను రెట్టింపు చేస్తే ఉష్ణం రెట్టింపు కాదు, సుమారు 1.7 రెట్లు మాత్రమే అవుతుంది. మిగిలిన లాభాన్ని దట్టమైన పొర మింగివేస్తుంది.

నీరూ ఆల్కహాలూ: తేడా ఎక్కడ?

25 మిల్లీమీటర్ల వ్యాసం గల అడ్డు గొట్టాన్ని తీసుకుందాం. ఆవిరికీ గొట్టం ఉపరితలానికీ మధ్య 10 డిగ్రీల తేడా ఉన్నదనుకుందాం. నుస్సెల్ట్ సూత్రం ప్రకారం వాతావరణ పీడనం వద్ద నీటి ఆవిరికి గుణకం సుమారు 12,400 వాట్లు వస్తుంది. ఇథనాల్ ఆవిరికి సుమారు 2,500 వాట్లు మాత్రమే. అంటే దాదాపు ఐదో వంతు.

ఇందుకు కారణమేమిటని అడిగితే చాలామంది గుప్తోష్ణమే అంటారు. నీటి గుప్తోష్ణం కిలోకు 2,257 కిలోజౌళ్ళు, ఇథనాల్‌ది దాదాపు 846 కిలోజౌళ్ళు అన్నది నిజమే. కాని సూత్రంలో గుప్తోష్ణం నాలుగో మూలంగా మాత్రమే ప్రవేశిస్తుంది. అందువలన వచ్చే తేడా 1.3 రెట్లకు మించదు. అసలు కారణం ద్రవం ఉష్ణవాహకత్వం. వేడినీటి ఉష్ణవాహకత్వం 0.68 ఉంటే, ఇథనాల్‌ది 0.15 మాత్రమే. ఈ ఒక్క అంశమే గుణకాన్ని మూడో వంతుకు దించివేస్తుంది. స్నిగ్ధత, సాంద్రత, గుప్తోష్ణం కలిసి మిగిలిన తేడాను తెస్తాయి.

పొర మందాన్ని లెక్కవేస్తే మరొక సంగతి బయటపడుతుంది. పై ఉదాహరణలో నీటి పొర సగటు మందం మిల్లీమీటరులో వందో వంతులు ఐదున్నర. ఇథనాల్ పొర ఆరు. రెండూ దాదాపు సమానమే, రెండూ సుమారు ఒక తలవెంట్రుక మందమే. అంటే ఆల్కహాలు తొడిగేది మందమైన దుప్పటి కాదు. అదే మందం గల, కాని మరింత వెచ్చని దుప్పటి.

ఈ విషయంలో ఆల్కహాలుకు ఒక సుగుణం కూడా ఉంది. నూనె అంటిన లోహం మీద నీటి ఆవిరి పొరగా పరచుకోక బొట్లుబొట్లుగా నిలుస్తుంది. అప్పుడు గుణకం కొన్ని రెట్లు పెరుగుతుంది. నూనె పోతే మళ్ళీ పడిపోతుంది. ఈ చపలత్వం వలన నీటి ఆవిరితో చేసే కొలతలు ఒకనాడు ఉన్నట్లు మరొకనాడు ఉండవు. ఇథనాల్ తలతన్యత నీటి తలతన్యతలో మూడో వంతు కంటె తక్కువ కావడం వలన అది లోహాన్ని చక్కగా తడిపి, నిలకడైన పొరగా ఏర్పడుతుంది. నుస్సెల్ట్ సిద్ధాంతాన్ని పరీక్షించదలచిన వారికి ఆల్కహాలు ఆవిరి అనువైన పదార్థం కావడానికి కారణం ఇదే.

మీటరు చూపని సంఖ్య

ఉష్ణోగ్రతకు థర్మామీటరు ఉంది. పీడనానికి గేజి ఉంది. ఉష్ణ బదిలీ గుణకాన్ని నేరుగా చూపే మీటరు మాత్రం లేదు. దానిని నాలుగు కొలతల నుంచి కట్టుకోవాలి: బదిలీ అయిన ఉష్ణం, గొట్టం వైశాల్యం, ఆవిరి ఉష్ణోగ్రత, గొట్టం ఉపరితలపు ఉష్ణోగ్రత. మొదటిదానిని రెండవదానితోనూ, చివరి రెండింటి తేడాతోనూ భాగిస్తే గుణకం వస్తుంది. వినడానికి సులభమే. చిక్కంతా ఆ చిన్న తేడాలోనే ఉంది.

ప్రయోగ పరికరం ఇలా ఉంటుంది. అడుగున ఆల్కహాలును మరిగించే పాత్ర. దీనిని నిప్పుతో గాక నీటి ఆవిరి చుట్టతోగాని, వేడినీటితోగాని కాచడం క్షేమం. పైన ఇన్సులేషన్ చుట్టిన గది. దానిలో అడ్డంగా అమర్చిన రాగి గొట్టం, గొట్టం లోపల చల్లని నీరు. గొట్టం కింద సన్నని పళ్ళెం. ఈ పళ్ళెం చిన్న వస్తువే అయినా దాని పని పెద్దది. గది గోడల మీద కూడా కొంత ఆవిరి ద్రవంగా మారి కారుతుంది. అది గొట్టం మీద ఏర్పడిన ద్రవంతో కలిస్తే లెక్క చెడుతుంది. పళ్ళెం ఆ రెండింటినీ వేరు చేస్తుంది. చివరగా, తప్పించుకుపోయే ఆవిరిని పట్టడానికి వెంట్ మీద మరొక చిన్న కండెన్సర్ అవసరం.

రెండు లెక్కలు కలవాలి

బదిలీ అయిన ఉష్ణాన్ని రెండు దారులలో కొలవవచ్చు. గొట్టం మీద నుంచి కారిన ద్రవాన్ని తూచి గుప్తోష్ణంతో గుణించడం మొదటి దారి. చల్లని నీటి ప్రవాహాన్నీ, అది వేడెక్కిన డిగ్రీలనూ కొలవడం రెండవ దారి. ఈ రెండూ కలిస్తేనే ప్రయోగాన్ని నమ్మాలి.

మన ఉదాహరణలోని గొట్టం పొడవు ఒక మీటరు అనుకుంటే, దాని గుండా పోయే ఉష్ణం సుమారు 2 కిలోవాట్లు. పది నిమిషాలలో దాదాపు 1.4 కిలోల ఇథనాల్ పళ్ళెంలో చేరుతుంది. సాధారణమైన త్రాసుతో కూడా దీనిని ఒక శాతం కంటె తక్కువ తేడాతో తూచవచ్చు. నీటి వైపు పరిస్థితి అలా కాదు. సెకనుకు అర కిలో నీరు పోతున్నదనుకుంటే అది వేడెక్కేది ఒక్క డిగ్రీ లోపే. లోపలికి వచ్చే చోట, బయటికి పోయే చోట ఉన్న థర్మామీటర్లు ఒక్కొక్కటి డిగ్రీలో పదో వంతు తప్పు చూపినా, రెండు తప్పులూ కూడినప్పుడు జవాబులో 20 శాతం తేడా వస్తుంది. ప్రవాహాన్ని అయిదో వంతుకు తగ్గిస్తే నీరు దాదాపు ఐదు డిగ్రీలు వేడెక్కి ఈ తప్పు చిన్నదవుతుంది గాని, మెల్లగా పోయే నీరు గొట్టం నుంచి ఉష్ణాన్ని సరిగా గ్రహించలేదు. ఒకదానిని సవరిస్తే మరొకటి బెసికే ఈ పరిస్థితి ప్రయోగశాలలో పని చేసినవారికి సుపరిచితమే. అందుకే ఇక్కడ త్రాసును ప్రధాన సాక్షిగానూ, థర్మామీటర్లను సరిచూసే సాక్షులుగానూ ఉంచుకోవడం మంచిది.

మరొక చిన్న సవరణ ఉంది. కారిన ద్రవం ఆవిరి ఉష్ణోగ్రత కంటె కొంచెం చల్లబడి ఉంటుంది. ఐదు డిగ్రీలు చల్లబడితే కిలోకు సుమారు 15 కిలోజౌళ్ళు అదనంగా గొట్టానికి చేరినట్లు. అది మొత్తంలో రెండు శాతం లోపే అయినా, లెక్కలో చేర్చవలసిందే.

ఉష్ణోగ్రతల తేడా

గుణకం విలువ ఆవిరికీ లోహానికీ మధ్య ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. ఆ తేడా 10 డిగ్రీలు అయితే, ఒక డిగ్రీ పొరపాటు 10 శాతం తప్పును తెస్తుంది. ముందుగా ఆవిరి వైపు చూద్దాం. ఇథనాల్ 78.3 డిగ్రీల వద్ద మరుగుతుందని పుస్తకాలు చెబుతాయి. ఇది సముద్రమట్టానికి సంబంధించిన మాట. విశాఖపట్నంలో ఇది చెల్లుతుంది. సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో గాలి పీడనం తక్కువ కాబట్టి అదే ఇథనాల్ సుమారు 76.7 డిగ్రీల వద్దనే మరుగుతుంది. పుస్తకం చూసి 78.3 వేసుకుంటే, తక్కిన కొలతలన్నీ సరిగ్గా ఉన్నా గుణకంలో 14 శాతం వరకు తప్పు చేరుతుంది. కనుక బారోమీటరును కూడా ప్రయోగ పరికరాలలో ఒకటిగా భావించాలి.

లోహం వైపు కష్టం ఇంకా ఎక్కువ. ఉపరితలానికి థర్మామీటరును తాకిస్తే అది పొరనే చెదరగొడుతుంది. అందుకని గొట్టం గోడలో సన్నని గాడులు కోసి థర్మోకపుల్ తీగలను లోపల ఉంచి, పైన నునుపుగా మూస్తారు. పొర పైభాగాన పలుచగా, కింద దట్టంగా ఉంటుంది కాబట్టి గొట్టం పైభాగం వెచ్చగా, అడుగు చల్లగా ఉంటుంది. అందుచేత చుట్టూ అనేక చోట్ల కొలిచి సగటు తీయాలి. రాగిని ఎంచుకోవడానికి కారణం కూడా ఇదే. ఒకటిన్నర మిల్లీమీటర్ల రాగి గోడలో ఈ ఉష్ణ ప్రవాహం వద్ద ఉష్ణోగ్రత పడిపోయేది డిగ్రీలో పదో వంతు. అదే మందం గల స్టెయిన్‌లెస్ స్టీలులో రెండు డిగ్రీలకు పైగా. స్టీలు గోడలో తీగ ఎంత లోతున ఉన్నదో తెలియకపోతే కొలతకు అర్థమే ఉండదు.

గాడులు కోయడం వీలుకాని చోట ఇ.ఇ. విల్సన్ 1915లో సూచించిన ఉపాయం అక్కరకు వస్తుంది. ఆవిరి నుంచి నీటికి పోయే ఉష్ణానికి వరుసగా మూడు అడ్డులున్నాయి: ద్రవపు పొర, లోహపు గోడ, నీటివైపు అడ్డు. నీటి వేగాన్ని పెంచితే మూడవది మాత్రమే తగ్గుతుంది. వేగం రెట్టింపయితే నీటివైపు గుణకం సుమారు 1.74 రెట్లు పెరుగుతుంది. వేర్వేరు వేగాల వద్ద మొత్తం అడ్డును కొలిచి గ్రాఫు గీసి, ఆ గీతను నీటివైపు అడ్డు సున్నా అయ్యే చోటి వరకు పొడిగిస్తే, అక్కడ మిగిలేది పొర, గోడల అడ్డు మాత్రమే. గోడ అడ్డు లెక్కకు అందుతుంది కాబట్టి పొర అడ్డు తేలిపోతుంది. గోడ ఉష్ణోగ్రతను కొలవకుండానే ఫలితం చేతికి వస్తుంది. అయితే నీటి వేగం మారినప్పుడు పొర మీది ఉష్ణోగ్రత తేడా కూడా కొంత మారుతుంది. ఆ మేరకు నుస్సెల్ట్ సూత్రంతో సవరణ చేయాలి.

కంటికి కనబడని అడ్డు

ఇంత జాగ్రత్త తీసుకున్నా ఫలితం సిద్ధాంతం కంటె బాగా తక్కువగా వస్తే, మొదట అనుమానించవలసింది గాలిని. ఆవిరితో పాటు వచ్చిన గాలి ద్రవంగా మారదు. అది గొట్టం చుట్టూ పోగుపడి, ఆవిరిని లోహం దగ్గరికి రానివ్వదు. నీటి ఆవిరి విషయంలో అర శాతం గాలి కలిసినా ఉష్ణ బదిలీ సుమారు సగానికి పడిపోతుందని డోనాల్డ్ ఆథ్మర్ 1929లో ప్రచురించిన ప్రయోగ ఫలితాలు చూపించాయి.

ఇందులోని ప్రమాదం ఏమిటంటే, ఆ అర శాతం గాలిని థర్మామీటరు పట్టుకోలేదు. దాని వలన ఆవిరి ఉష్ణోగ్రత తగ్గేది డిగ్రీలో ఏడో వంతు మాత్రమే. పరికరాలన్నీ సవ్యంగానే ఉన్నట్లు కనిపిస్తాయి. పని మాత్రం సగమే జరుగుతుంది. అందువలన ప్రయోగం ఆరంభించేముందు ఆవిరిని కొంతసేపు ధారాళంగా వెంట్ గుండా పోనిచ్చి గాలిని తరిమివేయడం, ఆ ఆవిరిని వెంట్ కండెన్సరులో పట్టుకోవడం తప్పనిసరి.

ప్రయోగశాల నుంచి ప్లాంటుకు

ఈ కొలతల వలన ప్లాంటులో పని చేసేవారికి కలిగే ప్రయోజనమేమిటి? అడ్డులను సులభమైన అంకెలలో రాసుకుందాం. నీటివైపు అడ్డు 17 అనుకుంటే, నీటి ఆవిరి పొర అడ్డు 8, ఇథనాల్ పొర అడ్డు 40. గొట్టం లోపల స్కేలు పేరుకొని 20 అడ్డును చేర్చిందనుకుందాం. నీటి ఆవిరి కండెన్సరులో మొత్తం 25 నుంచి 45కు పెరిగి సామర్థ్యం 44 శాతం పడిపోతుంది. ఇథనాల్ కండెన్సరులో 57 నుంచి 77కు పెరిగి 26 శాతం మాత్రమే పడిపోతుంది. అంటే ఒకే స్కేలు రెండు చోట్ల రెండు రకాల నష్టం చేస్తుంది. ఆల్కహాలు కండెన్సరులో ప్రధానమైన అడ్డు గొట్టం బయట ఉంది. లోపల ఎంత తోమినా అది పోదు. బయటివైపు సన్నని రెక్కలు తీసిన గొట్టాలు ఇక్కడ బాగా ఉపయోగపడేది అందుకే. తలతన్యత తక్కువైన ఆల్కహాలు ఆ రెక్కల నడుమ నిలిచిపోక సులభంగా కారిపోతుంది.

వేసవిలో కండెన్సర్ సరిగా పని చేయడం లేదన్న ఫిర్యాదు సర్వసాధారణం. వెంటనే షట్‌డౌన్ తీసుకొని ట్యూబులు తోమించాలన్న ఒత్తిడి వస్తుంది. అయితే నిందితులు ముగ్గురు. చల్లని నీరు 26 డిగ్రీలకు బదులు 36 డిగ్రీల వద్ద వస్తే, 78 డిగ్రీల ఆవిరితో దానికి ఉన్న తేడా 52 నుంచి 42కు తగ్గి, సామర్థ్యంలో దాదాపు అయిదో వంతు దానికదే పోతుంది. ఈ సందర్భంలో మొత్తం గుణకం ఇంచుమించు మారదు. ట్యూబులు తోమినా లాభం ఉండదు. గుణకం పడిపోయి, వెంట్ తెరిచిన తరువాత కోలుకుంటే దోషి గాలి. గుణకం వారాల తరబడి మెల్లమెల్లగా తగ్గుతూ, నీటివైపు పీడన నష్టం పెరుగుతూ ఉంటే దోషి స్కేలు. ఈ ముగ్గురిలో అసలు దోషిని తేల్చడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఆవిరి ఉష్ణోగ్రత, నీరు లోపలికి వచ్చే ఉష్ణోగ్రత, బయటికి పోయే ఉష్ణోగ్రత, నీటి ప్రవాహం అనే నాలుగు రీడింగులు చాలు. వాటితో పోల్చుకోవడానికి, కండెన్సర్ కొత్తగా ఉన్నప్పుడు రాసిపెట్టిన అవే నాలుగు రీడింగులు లాగ్‌బుక్కులో ఉండాలి.

మిశ్రమాలలో ఒక వింత

ఇంతవరకు శుద్ధమైన ఆల్కహాలు సంగతి. డిస్టిలరీలో వచ్చేది ఆల్కహాలూ నీరూ కలిసిన ఆవిరి. మామూలు స్వేదనంతో ఇథనాల్‌ను బరువులో 95.6 శాతానికి మించి శుద్ధి చేయలేము; అక్కడ ద్రవమూ ఆవిరీ ఒకే కూర్పుతో ఉంటాయి. పెట్రోలులో కలపడానికి మిగిలిన నీటిని వేరే పద్ధతులతో తొలగించవలసి వస్తుంది. మిశ్రమాలలో పొర కూడా వింతగా ప్రవర్తిస్తుంది. నీటి ఆవిరిలో ఒక శాతం ప్రాంతంలో ఇథనాల్ కలిపితే ఉష్ణ బదిలీ తగ్గకపోగా కొన్ని రెట్లు పెరుగుతుందని జపాన్‌లో యొషియో ఉతాకా, ఆయన సహచరులు 2000 తరువాతి దశకంలో చూపించారు. పొర పలుచగా ఉన్న చోట దాని ఉపరితలం చల్లగా ఉండి ఇథనాల్ పాలు ఎక్కువవుతుంది; తలతన్యత తగ్గుతుంది. మందంగా ఉన్న చోట తలతన్యత ఎక్కువ. ఆ తేడా ద్రవాన్ని మందమైన చోటికి లాగి, పొరను బొట్లుగా విడగొడుతుంది. నడుమ లోహం దాదాపు బయటపడుతుంది. నుస్సెల్ట్ ఊహించిన నిశ్చలమైన పొర ఇక్కడ లేదు.

నేడు కండెన్సర్ల డిజైన్ అంతా కంప్యూటర్ ప్రోగ్రాములతోనే జరుగుతున్నది. అంకెలు క్షణంలో తెర మీద ప్రత్యక్షమవుతాయి. ఆ ప్రోగ్రాముల అడుగున ఉన్నవి మాత్రం ఎవరో ఒకప్పుడు రాగి గొట్టంలో తీగలు పొదిగి, పళ్ళెంలో కారిన ద్రవాన్ని తూచి, రాసిపెట్టుకున్న కొలతలే. కొత్తగా ఉద్యోగంలో చేరే యువ ఇంజనీర్లు తమ విభాగంలోని ఒక్క కండెన్సరుకైనా స్వయంగా ఉష్ణ లెక్క కట్టి, ఆవిరి వైపు ఉష్ణమూ నీటి వైపు ఉష్ణమూ ఎంతవరకు కలుస్తున్నాయో చూడాలి. ఆ రెండు అంకెల మధ్య మిగిలిపోయే తేడా ఆ కండెన్సర్ గురించి ఎన్నో సంగతులు చెబుతుంది.